అమ్మ ఖర్చుల లెక్కల ఫైలు తెరుచుకోవడం లేదు, అన్నయ్యకి ఏం చెప్పను?

విజయవాడ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 46, ప్రైవేటు ఉద్యోగం, ముగ్గురు తోబుట్టువుల్లో మధ్యవారు. అన్నయ్య హైదరాబాద్‌లో, చెల్లెలు న్యూజెర్సీలో ఉంటున్నారు. 2019లో నాన్నగారు పోయిన దగ్గర్నుంచి అమ్మగారి డబ్బు వ్యవహారాలన్నీ ఈయనే చూస్తున్నారు. ఫ్యామిలీ పెన్షన్, తెనాలి ఇంటి అద్దె, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ, చెల్లెలు పంపే డబ్బు, అన్నయ్య నెలనెలా వేసే 8,000 ఒకవైపు. మందులు, అమ్మగారిని చూసుకునే మనిషి జీతం, 2022లో మోకాలి ఆపరేషన్, 2021లో తెనాలి ఇంటి మీద కొత్తగా వేసిన గది ఇంకోవైపు.

వీటన్నింటినీ గ్నూక్యాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రాస్తూ వచ్చారు. ఫైలు ఒక క్లౌడ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఇంట్లో డెస్క్‌టాప్, ఒక పాత ల్యాప్‌టాప్, ఏది చేతికందితే దాంట్లో తెరిచేవారు. 16 రోజుల కిందట ఒక రాత్రి ల్యాప్‌టాప్‌లో ఫైలు తెరిచే ఉంచి మూత వేసి, డెస్క్‌టాప్ ముందు కూర్చున్నారు. ఫైలు ఇంకెక్కడో వాడకంలో ఉండొచ్చని హెచ్చరిక వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే కదా అని ‘ఓపెన్ ఎనీవే’ నొక్కారు. గంటసేపు బిల్లులు ఎక్కించి సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేదు. కరెంటు వచ్చాక చూస్తే ఫైలు తెరుచుకోలేదు. 1,100 కేబీ ఉండాల్సింది 380 కేబీయే ఉంది. దానికి రెండు నెలల ముందే, ఆ ఫోల్డర్ నిండా అంకెల పేర్లతో ఏవేవో ఫైళ్లు కనిపిస్తే చెత్త అనుకుని చాలావరకు డిలీట్ చేశారట. ల్యాప్‌టాప్‌ని ఆ రాత్రి బీరువాలో పెట్టి మళ్లీ బయటికి తీయలేదు.

ఇదే సమయంలో తెనాలి ఇంటికి బేరం కుదిరింది. ఇల్లు అమ్మగారి పేరు మీద ఉంది, వచ్చే నెలలో రిజిస్ట్రేషన్. డబ్బు సంగతి మాట్లాడుకునే ముందు ఆరేళ్ల లెక్క ఒకసారి చూద్దామని అన్నయ్య ఫోన్ చేశారు. ‘సిస్టమ్ ట్రబుల్ ఇస్తోంది, పంపిస్తా’ అని ఈయన రెండుసార్లు దాటేశారు. రెండోసారి అన్నయ్య ఫోన్ స్పీకర్‌లో ఉంది. ‘లెక్క అడిగినప్పుడే కంప్యూటర్‌కి జబ్బు చేస్తుంది’ అని వదినగారు అనడం వినబడింది. చెల్లెలేమో ‘నాకే లెక్కలూ వద్దు అన్నయ్యా, వదిలెయ్’ అంటోంది. ఇంజనీరింగ్ చదివే కొడుకు అంతా తీసేసి ఎక్సెల్‌లో మొదలుపెడదాం అంటున్నాడు. ‘ఫైలు బాగవుతుందా? బాగవకపోతే అన్నయ్య ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడను? నిద్ర పట్టడం లేదు’ అని ఉత్తరం ముగించారు.

*

ఒక్క విషయానికి మాత్రం గడువు ఉంది కాబట్టి, మీ ఉత్తరం అందిన రోజే మెయిల్‌లో రెండు వాక్యాలు రాశాను. మిగతా పాఠకులకీ పనికొస్తుందని ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. క్లౌడ్‌లో పెట్టిన ఫైలు పాడైతే దాని పాత రూపాలు అక్కడ కొన్నాళ్లు ఉంటాయి. గూగుల్ డ్రైవ్‌లో ఇలాంటి ఫైళ్ల పాత వెర్షన్లు 30 రోజులు, లేదా 100 వెర్షన్లు నిండేవరకు నిలుస్తాయి. డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలోనూ 30 రోజులే. మీకు అప్పటికే 16 రోజులు గడిచిపోయాయి. కంప్యూటర్‌లోని ఫోల్డర్ సంగతి వదిలేసి, బ్రౌజర్‌లో ఆ క్లౌడ్ సైటులోకి వెళ్లి, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి వెర్షన్ హిస్టరీ చూడండి. కరెంటు పోయిన రాత్రికి ముందు తేదీతో, 1,100 కేబీకి దగ్గరగా ఉన్న కాపీ కనిపిస్తే ‘రీస్టోర్’ నొక్కకండి. డౌన్‌లోడ్ చేసి వేరే పేరుతో పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ట్రాష్ కూడా తెరిచి చూడండి. మీరు తీసేసిన ఫైళ్లు రెండు నెలల నాటివి కాబట్టి అక్కడ ఉండే అవకాశం తక్కువ, కానీ చూడ్డానికి ఒక నిమిషం చాలు.

రెండో పని, డెస్క్‌టాప్‌లోని ఆ ఫోల్డర్ మొత్తాన్ని, విరిగిన ఫైలుతో సహా, ఏదీ ఏరకుండా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం. ఇక నుంచి ఏ ప్రయత్నమైనా ఆ కాపీకి ఇంకో కాపీ తీసుకుని దాని మీదే చేయండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. గ్నూక్యాష్ తన పాత కాపీలను మామూలుగా 30 రోజులే ఉంచుకుంటుంది, సేవ్ చేసినప్పుడల్లా అంతకంటే పాతవాటిని తనే తీసేస్తుంది. మీ చేతిలో తప్పించుకుని మిగిలిన ఆ కొద్దిపాటి ఫైళ్లు, మీరు అదే ఫోల్డర్‌లో ఏదో ఒకటి తెరిచి సేవ్ చేసిన క్షణాన పోవచ్చు.

మూడోది ల్యాప్‌టాప్. నాకు ఎక్కువ ఆశ దాని మీదే ఉంది. ఆ రాత్రి నుంచి అది నెట్‌కి కలవలేదు కాబట్టి, కరెంటు పోకముందు నాటి ఫైలు అందులో చెక్కుచెదరకుండా ఉండి ఉండొచ్చు. కానీ ఆన్ చేసిన వెంటనే వైఫై అందితే, క్లౌడ్‌లో ఉన్న విరిగిన ఫైలు వచ్చి మంచిదాని మీద కూర్చుంటుంది. అందుకని ముందు ఇంట్లో వైఫై రౌటర్ స్విచ్ ఆపండి. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంటే అదీ ఆపండి. అప్పుడు చార్జర్ పెట్టి ల్యాప్‌టాప్ తెరవండి. ఆ రాత్రి మూత వేసినప్పుడు అది హైబర్నేట్ అయి (తెరిచి ఉన్నవన్నీ డిస్కులో దాచుకుని ఆగిపోయి) ఉంటే, గ్నూక్యాష్ కిటికీ మీరు వదిలిన చోటే తెరుచుకుని కనిపించవచ్చు. అలా కనిపిస్తే సేవ్ నొక్కొద్దు, ‘సేవ్ యాజ్’ కొట్టి కొత్త పేరుతో పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. కనిపించకపోతే ఆ ఫోల్డర్‌ని కూడా మొత్తంగా కాపీ చేసుకోండి. ఈ మూడు పనులూ అయ్యేదాకా మీ అబ్బాయి ఉత్సాహాన్ని కాస్త ఆపండి. కుర్రాడు తెలివైనవాడే అయ్యుంటాడు, కానీ పాడైన ఫైళ్లకి ఎక్కువ నష్టం తొందరపడి చేసే రిపేరు వల్లే జరుగుతుంది.

ఇప్పుడు మీరు చెత్త అనుకున్న ఆ అంకెల ఫైళ్ల గురించి. ఈ సాఫ్ట్‌వేర్ వాడే చాలామంది అలాగే అనుకుంటారు. నేనూ మొదటి ఏడాది వాటిని తుడిచేస్తుండేదాన్ని. మీరు సేవ్ నొక్కిన ప్రతిసారీ, అంతకుముందున్న ఫైలుకి తేదీ, సమయం తగిలించి పక్కన పెడుతుంది ఆ సాఫ్ట్‌వేర్. పేరులో 20250316214207 అని ఉందనుకోండి. మొదటి నాలుగు అంకెలు ఏడాది, తర్వాత రెండేసి చొప్పున నెల, రోజు, గంట, నిమిషం, సెకను. అంటే 2025 మార్చి 16, రాత్రి 9 గంటల 42 నిమిషాల 7 సెకన్లు. కరెంటు పోయిన రాత్రికి సరిగ్గా ముందున్న అంకె వెతకండి. ఆ ఫైలు కాపీని గ్నూక్యాష్‌లో తెరవండి. చాలామందికి కథ ఇక్కడితోనే అయిపోతుంది, చివరి గంట పని మాత్రమే పోతుంది.

ఆ గంట పనిని కూడా తిరిగి తెచ్చుకునే దారి ఉంది. అదే అంకెలతో, చివర లాగ్ అని ఉన్న ఫైళ్లు కూడా మీ ఫోల్డర్‌లో ఉండాలి. మీరు రాసిన, దిద్దిన, కొట్టేసిన ప్రతి పద్దునీ, మీరు సేవ్ నొక్కారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా, అందులో వెంటవెంటనే రాసుకుంటూ పోతుంది. అది మామూలు అక్షరాల ఫైలే. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తేదీ, ఖాతా పేరు, మీరు రాసిన వివరం, మొత్తం అన్నీ కళ్లకి కనబడతాయి. మీరు తెరిచిన బ్యాకప్‌తో సమయం కలిసే లాగ్ ఫైలు తీసుకుని, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ కింద ఉన్న ‘రీప్లే గ్నూక్యాష్ లాగ్ ఫైల్’ తో దాన్ని నడిపించండి. ఆ తర్వాతవి ఉంటే సమయం వరుస తప్పకుండా ఒక్కొక్కటీ. లాగ్‌లో ఉండేవి లావాదేవీలు మాత్రమే. మధ్యలో మీరు కొత్త ఖాతా ఏదైనా తెరిచి ఉంటే అది రాదు, దాని పద్దులు సరిగా కూర్చోవు. అందుకే రీప్లే అయ్యాక ఆ గంటలో ఎక్కించిన కాగితపు బిల్లులు పక్కన పెట్టుకుని ఒకసారి సరిచూసుకోండి. ఆ బిల్లులు ఇంకా మీ బల్ల మీదే ఉండి ఉంటాయి.

క్లౌడ్‌లో దొరకలేదు, ల్యాప్‌టాప్‌లో లేదు, బ్యాకప్‌లన్నీ మీరే తీసేశారు అనుకుందాం. అప్పుడు మిగిలేది ఆ 380 కేబీ ముక్క. అది కూడా ఉత్త ముక్క కాదు. మీ ఫైలు మామూలు పద్ధతిలో సేవ్ అయినదైతే అది కుదించిన ఎక్స్‌ఎంఎల్, అంటే జిప్ చేసిన అక్షరాల ఫైలు లాంటిది. సెవెన్ జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో విప్పితే చివర్లో డేటా తెగిపోయిందని గోల చేస్తూనే, ఉన్నంత వరకు బయటికి తీస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘మందులు’ అని వెతకండి. తెలుగులో మీరు రాసుకున్న పేర్లు అలాగే కనిపిస్తాయి. 1,250 రూపాయలు అక్కడ 125000/100 అని ఉంటుంది. ఫైలు చెడిపోయి అలా అవ్వలేదు, పైసల్లో రాసి నూరుతో భాగించడం దాని పద్ధతి. దాని కిందే ఇంకో ఖాతాలో అదే మొత్తం మైనస్ గుర్తుతో ఉంటుంది, ఏ ఖాతా నుంచి తీశారో అది. ఒక పద్దు పూర్తిగా బతికి ఉందో, సగంలో తెగిందో ఈ జంటని చూసి చెప్పొచ్చు.

తెగిన చోట చివరి సగం పద్దుని తీసేసి, మూయాల్సిన గుర్తులు చేత్తో మూస్తే ఫైలు మళ్లీ తెరుచుకుంటుంది. ఈ పని మీ అబ్బాయి చేయగలడు, చేయనివ్వండి. అయితే మీరు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అందులో పద్దులు తేదీల వరుసలో ఉండవు, ఖాతాల వరుసలో ఉంటాయి. కాబట్టి ‘పాతవన్నీ వచ్చాయి, ఈ మధ్యవే పోయాయి’ అని అన్నయ్యకి చెప్పకండి. ఒక ఖాతా ఆరేళ్లూ నిండుగా వచ్చి, ఇంకో ఖాతా మొత్తమే మాయమై ఉండొచ్చు. ఏది వచ్చిందో ఒక్కో ఖాతా తెరిచి చూశాకే నోరు విప్పండి.

ఇలా ఏ దారిలో తెచ్చుకున్నా, తెచ్చుకున్నాక యాక్షన్స్ మెనూలో ‘చెక్ అండ్ రిపేర్’ నడపండి. జత దొరకని మొత్తాలను అది ‘ఇంబ్యాలెన్స్ ఐఎన్ఆర్’ అనే ఖాతాలోకి, ఖాతా పోయి అనాథలైన పద్దులను ‘ఆర్ఫన్ ఐఎన్ఆర్’ లోకి చేరుస్తుంది. ఈ రెండు పేర్లు చూడగానే మనిషికి గుండె దడ పుడుతుంది, ఏదో ఒక ఖాతాలో వేసేసి సున్నా చేద్దామనిపిస్తుంది. ఆ పని చేయొద్దని మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. అక్కడ 37,400 కనిపిస్తే దాన్ని అలాగే ఉంచండి. ఆధారం దొరికిన కొద్దీ ఒక్కొక్కటీ తీసి సరైన చోట వేయండి. చివరికి మిగిలిందానికి ‘ఆధారం దొరకనివి’ అని పేరు పెట్టి, ఆ పేరుతోనే అన్నయ్యకి చూపించండి. ఆ ఒక్క వరుస మీ లెక్క మొత్తాన్నీ నమ్మదగ్గదిగా చేస్తుంది. పైసాతో సహా సరిపోయిన లెక్క, అదీ పాడైన ఫైలు నుంచి వచ్చిందంటే, నేనైనా అనుమానిస్తాను.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయో చూద్దాం. అమ్మగారి డబ్బులో పెద్ద భాగం బ్యాంకు మీదుగానే నడిచింది. పెన్షన్, అద్దె, అన్నయ్య వేసేది, చెల్లెలు పంపేది, ఆసుపత్రికి కట్టింది, ఇవన్నీ మీ ఫైలు ఉన్నా లేకపోయినా బ్యాంకులో ఉన్నాయి. నెట్ బ్యాంకింగ్‌లో ఏడాది చొప్పున స్టేట్‌మెంట్‌ని సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన అక్షరాల ఫైలుగా) తీసుకుంటే గ్నూక్యాష్ వాటిని నేరుగా ఇంపోర్ట్ చేసుకుంటుంది. అప్పటికే ఉన్న పద్దులతో తేదీ, మొత్తం పోల్చి, ఒకే పద్దు రెండుసార్లు పడకుండా చూపిస్తుంది, కానీ ఆ పోలికని గుడ్డిగా ఒప్పుకోకుండా ఒక్కో వరుసా మీరే చూసి ఒప్పుకోండి. లావాదేవీల రికార్డులు బ్యాంకులు కనీసం 5 ఏళ్లు ఉంచాలని చట్టం ఉంది. 2019, 2020 నాటివి ఆన్‌లైన్‌లో రాకపోతే అమ్మగారి సంతకంతో బ్రాంచిలో దరఖాస్తు పెట్టండి, పాసుబుక్కులు ఎక్కడున్నాయో వెతకండి. డిపాజిట్ల వడ్డీ, దాని మీద పట్టుకున్న పన్ను ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఫారం 26ఏఎస్‌లో కనిపిస్తాయి. ఈ మధ్య సంవత్సరాలకైతే అదే పోర్టల్‌లోని ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) ఇంకా వివరంగా ఉంటుంది.

చిక్కల్లా చేతి ఖర్చుల దగ్గరే. ఆయాకి ఇచ్చిన జీతం, మందుల షాపులో నగదుగా ఇచ్చింది, ఆటోలు, పండగలకి పెట్టినవి. మీ ఉత్తరం మూడో పేజీలో ఒక మాట ఉంది, మీరు దాన్ని దాటుకుంటూ వెళ్లిపోయారు. అమ్మగారు గోడ క్యాలెండర్ మీద గ్యాస్ బండ వచ్చిన రోజు, పాల లెక్క, మందులు తెచ్చిన రోజు, ఆయా నాగాలు పెన్నుతో రాసుకుంటారన్నారు. పాత క్యాలెండర్లు పారేయరు కూడా అన్నారు. అయితే ఆరేళ్ల చేతి ఖర్చుకి సాక్ష్యం ఆమె మంచం కింద ఉందన్నమాట. ఒక ఆదివారం ఆ క్యాలెండర్లు తీసుకుని ఆవిడ పక్కన కూర్చోండి. ఆయా ఎన్ని రోజులు రాలేదో, ఏ నెలలో జీతం పెంచారో ఆమెకి మీకంటే బాగా గుర్తుంటుంది. ఫోన్‌లో యూపీఐ యాప్ చరిత్ర కూడా పక్కన పెట్టుకుంటే సగం ఖాళీలు అక్కడే నిండుతాయి.

ఇక దేన్ని ఎంచుకోవాలన్నది. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ ఖరీదుంది.

మొత్తం ఆరేళ్లూ తిరిగి కట్టడం ఒకటి. మంచి కాపీ దొరికితే ఒక సాయంత్రం పని. దొరకకపోతే ఆఫీసు అయ్యాక రోజుకి గంట చొప్పున నెల దాటొచ్చు, రిజిస్ట్రేషన్ తేదీ ఆగదు. పైగా ఆ నెలంతా మీ ఇంట్లో అందరూ మీ చిరాకు భరించాలి.

అసలు ఫైలుని ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఈ ఏప్రిల్ 1 నాటి బ్యాంకు నిల్వలని ఓపెనింగ్ బ్యాలెన్సులుగా వేసి కొత్త ఫైలు మొదలుపెట్టడం రెండోది. రేపటి లెక్క రేపే శుభ్రంగా మొదలవుతుంది. పాత ఆరేళ్లకి మాత్రం సంవత్సరానికి ఒక కాగితం: బ్యాంకులోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది, పెద్ద ఖర్చులు ఏమిటి. అన్నయ్య అడిగింది ఈ మాత్రమేనేమో మీరు ఒకసారి కనుక్కోండి. మందుల షాపు బిల్లులు ఒక్కొక్కటీ చూడాలని ఆయన అనుకోకపోవచ్చు. ఈ దారిలో నష్టమేమిటంటే, వదినగారి మనసులో అనుమానం ఉంటే అది ఈ కాగితాలతో తీరదు.

మీ అబ్బాయి చెప్పే ఎక్సెల్ మూడోది. అందరికీ తెరవడం వచ్చు, పంపడం తేలిక, ముగ్గురూ ఒకే షీటు చూసుకోవచ్చు. కానీ ఎక్సెల్‌లో ఒక వరుస పొరపాటున చెరిగితే అది చెరిగిందని ఎవరూ చెప్పరు. గ్నూక్యాష్ పాటించే డబుల్ ఎంట్రీ పద్ధతిలో ప్రతి పద్దుకీ జత ఉంటుంది కాబట్టి, ఒకటి పోతే రెండోది అడుగుతుంది. ఇప్పుడు మిమ్మల్ని కాపాడబోతున్నది ఆ జతే. అది వదిలేసి ఒంటి వరుసల్లోకి వెళ్తామంటే నాకు మనసొప్పదు. అయినా, మీకు కాక ఇంకెవరికీ అర్థం కాని సాఫ్ట్‌వేర్‌లో ముగ్గురి లెక్క ఉండటం కూడా ఈ అపనమ్మకానికి ఒక కారణమే. మీరు గ్నూక్యాష్‌లో రాసుకుని, ప్రతి నెలాఖరుకి దాని నుంచి ఒక పీడీఎఫ్ రిపోర్టు తీసి ముగ్గురి వాట్సాప్ గ్రూపులో పెడితే రెండు అవసరాలూ తీరతాయి. అలా పంపిన పీడీఎఫ్‌లే రేపు ఇంకో బ్యాకప్. ఇప్పటిదాకా మీరు ఎవరికీ ఏమీ పంపి ఉండకపోతే, ఆ రివాజు లేకపోవడమే ఈ నెల మిమ్మల్ని ఇంతగా బాధపెడుతోందని నా అభిప్రాయం.

ఏ దారి పట్టినా ఒక్క ఖాతా మాత్రం ముందు బాగుచేయండి. 2021లో తెనాలి ఇంటి మీద వేసిన గది. ఇల్లు అమ్మినప్పుడు మూలధన లాభం లెక్క కట్టేటప్పుడు, ఇంటికి అదనంగా కట్టినదానికి పెట్టిన ఖర్చు తీసేసుకోవచ్చు. మామూలు మరమ్మతులు, సున్నాలు ఆ లెక్కలోకి రావు. ఇల్లు 2024 జూలై 23కి ముందు కొన్నది కాబట్టి, ఇండెక్సేషన్‌తో (కొన్న ధరని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి లెక్కకట్టడంతో) 20 శాతమా, అది లేకుండా 12.5 శాతమా అన్న ఎంపిక కూడా అమ్మగారికి ఉంటుంది. ఏది లాభమో తేల్చాలంటే ఆడిటర్‌కి ఆ గది ఖర్చు తేదీలతో సహా కావాలి. సాఫ్ట్‌వేర్‌లో రాసిన అంకె ఒక్కటే ఆయనకి సరిపోదు, ఎలాగూ బిల్లులు, మేస్త్రికి బ్యాంకులో వేసిన డబ్బు చూపించాల్సిందే. ఆ కవరు వెతకడం ఈ వారమే మొదలుపెట్టండి.

ఇప్పుడు అన్నయ్య సంగతి. మీరు ఫైలు బాగయ్యాక చెబుదామని ఆగుతున్నారు. ఆగితే ఒక లాభం ఉంది, నిజమే. బాగైతే అసలు ఈ గొడవే ఆయన దాకా వెళ్లదు. బాగవకపోతే మాత్రం, ఫైలు పాడైన రోజుకీ మీరు చెప్పిన రోజుకీ మధ్య ఉన్న ప్రతి రోజుకీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. ‘సిస్టమ్ ట్రబుల్’ అన్న మాట నిజమే అయినా, వివరం లేకుండా అనడం వల్ల అది సాకులా వినిపించింది. వదినగారి మాట మీకు గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిన మాటే. కానీ ఆవిడ దగ్గర ఉన్నది ఆ రెండు ముక్కలే అన్నది కూడా ఆలోచించండి.

నన్నడిగితే ఈ రోజే చెప్పేయమంటాను. ఫోన్‌లో కాదు, రాసి పంపండి. ఫోన్‌లో అయితే గొంతు పెరుగుతుంది, మధ్యలో ఎవరో అందుకుంటారు. ఇలా రాయొచ్చు, మీ మాటల్లోకి మార్చుకోండి:

‘అన్నయ్యా, అమ్మ లెక్కల ఫైలు ఈ నెల మొదట్లో సేవ్ చేస్తుండగా కరెంటు పోయి పాడైంది. రెండు కంప్యూటర్లలో ఒకేసారి తెరవడం నా పొరపాటు. పాత కాపీలు కొన్ని తెలియక నేనే తీసేశాను. నీకు అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. మిగిలిన కాపీల నుంచి తిరిగి తెస్తున్నాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆదివారానికల్లా నీకూ చెల్లికీ పంపుతాను, అవి నా ఫైలుతో సంబంధం లేనివి. చేతి ఖర్చుల్లో ఆధారం దొరకనివి ఉంటే ఎంతో విడిగా రాసి చూపిస్తాను. దాన్ని ఏం చేద్దామో ముగ్గురం కూర్చుని అనుకుందాం.’

ఇది పంపితే అన్నయ్య వెంటనే మెత్తబడతారని నేను మాటివ్వలేను. ఒకటి రెండు కటువైన మాటలు రావచ్చు. కానీ ఆ తర్వాత మాట్లాడుకునేది స్టేట్‌మెంట్ల గురించే అవుతుంది, మీ నిజాయితీ గురించి కాదు.

ఆధారం దొరకని మొత్తాన్ని ‘నేనే పెట్టుకుంటాలే’ అని మీరు అనేసే ప్రమాదం ఉంది. ఉత్తరం చదివితే మీ స్వభావం అలాంటిదే అనిపించింది. చిన్న మొత్తమైతే ఇంటి శాంతి కోసం అలా చేసేవాళ్లున్నారు, తప్పు పట్టను. కానీ డబ్బు మింగి తిరిగి కట్టాడన్న అర్థం తీసేవాళ్లు కూడా ఉంటారు. మీరు ఖర్చు పెట్టింది అమ్మ కోసమే అయినప్పుడు ఆ వరుసని ఖర్చుగానే ఉండనివ్వచ్చు. ముగ్గురూ ఒప్పుకుంటే చాలు.

చెల్లెలి ‘వదిలెయ్’ ని కూడా అలాగే వదిలేయకండి. ప్రేమతో అన్నమాటే, కానీ ఆమె వద్దన్నా స్టేట్‌మెంట్లు ఆమెకీ పంపండి. ఒకరు చూసి ఇంకొకరు చూడని లెక్క రేపు మళ్లీ పేచీకి దారి తీస్తుంది. ఇల్లు అమ్మగారిది, పెన్షన్ అమ్మగారిది, కాబట్టి ఈ లెక్క ముందు ఆమెకి వినిపించాలి. పిల్లలు ముగ్గురూ దాని గురించి ఫోన్లలో గుసగుసలాడుకుంటుంటే ఆవిడకి తెలియదనుకోవద్దు. క్యాలెండర్ల దగ్గర కూర్చున్న రోజే జరిగింది చెప్పేయండి.

ఇక మీదట ఏర్పాటు గురించి క్లుప్తంగా. లెక్క ఒక్క కంప్యూటర్‌లోనే రాయండి, ఆ కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టించండి. ఫైలుని క్లౌడ్ ఫోల్డర్‌లో తెరిచి వాడొద్దు, పని అయ్యాక మూసేసి కాపీని అక్కడికి పంపండి. ‘ఓపెన్ ఎనీవే’ అనే బటన్ వస్తే ఆగి, రెండో కంప్యూటర్‌లో మూసి ఉందో లేదో లేచి వెళ్లి చూసి రండి. ప్రిఫరెన్సెస్‌లో పాత కాపీలు ఉంచే గడువు 30 రోజుల నుంచి ‘ఎప్పటికీ’ కి మార్చండి, చోటు పెద్దగా పట్టదు. మీ అబ్బాయి ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ పద్ధతికి మారుద్దామని అనొచ్చు, గ్నూక్యాష్‌లో ఆ సదుపాయం ఉంది. అందులో ప్రతి పద్దూ రాసిన వెంటనే సేవ్ అయిపోతుంది, కరెంటు పోయినా గంట పని పోదు. దానికి బదులు, అంకెల పేర్లతో పాత కాపీలు తీసే అలవాటు అందులో ఉండదు, కాపీలు మీరే తీసుకోవాలి. మీకు సేవ్ మర్చిపోవడం ఎక్కువా, కాపీ తీయడం మర్చిపోవడం ఎక్కువా చూసుకుని తేల్చుకోండి.

ల్యాప్‌టాప్‌లో ఏం దొరికిందో నాకు రాయండి. మీరు ఉత్తరంతో పంపిన ఫోల్డర్ ఫొటోలో అంకెల పేర్లున్న ఫైళ్లు మూడు కనిపిస్తున్నాయి. వాటిలో చివరిది ఆ రాత్రి 8:51 నాటిది, 1,094 కేబీ. రౌటర్ ఆపాకే బీరువా తెరవండి.